పులిదోర్ సైకిల్ టాక్సీ, తార్నాక

తార్నాక చౌరస్తా నుంచి యూనివర్సిటీ వైపు మళ్లే చోట, ఇరానీ హోటలు గోడకు ఆనుకొని ఒక రేకుల షెడ్డు ఉండేది. దాని ముందు పదిహేను ఇరవై సైకిళ్లు ఒకదాని మీద ఒకటి వాలి ఎండలో కునుకుతూ ఉండేవి. గంటల లెక్కన కిరాయికి ఇచ్చే సైకిళ్లవి. మిగతా లోకానికి టాక్సీ అంటే మోటారు కారే. హైదరాబాదు మాత్రం కిరాయి సైకిళ్ల దుకాణాన్ని కూడా సైకిల్ టాక్సీ అని దర్జాగా పిలుచుకునేది. షెడ్డు నెత్తిన నీలం రేకు మీద పసుపు అక్షరాల బోర్డు: 'పులిదోర్ సైకిల్ టాక్సీ. ప్రొప్రయిటరు: రాజలింగు.'

కొత్తగా హాస్టలుకు వచ్చిన కుర్రాళ్లు బోర్డు చూసి అడిగేవారు. "ఈ పులిదొర ఏ ఊరి దొర?"

"దొర గాదు, రైతు బిడ్డ," అనేవాడు రాజలింగు, పంపు కొట్టడం ఆపకుండానే. "ఫ్రాన్సుల ఉంటడు. సైకిల్ కావాలెనా, కథ కావాలెనా? కథకు కిరాయి లేదు."

కథ మొదలైంది ఒక చిత్తు కాగితంతో. నాలుగేళ్ల కింద సైకిల్ చైను చుట్టి పెట్టడానికి తెచ్చిన పాత ఫ్రెంచి పేపరులో ఒక ఫోటో ఉంది. కొండ దారిలో ఇద్దరు సైకిలువాళ్లు భుజానికి భుజం రాసుకుంటూ ఎక్కుతున్నారు. అందులో కుడి పక్కవాడా ఎడమ పక్కవాడా అన్నది పక్కన పెడితే, ఒకడి మొహం రాజలింగుకు నచ్చింది. జనగామ దిక్కు మనిషిలాగే ఉన్నాడనిపించింది. ఎవరని అడిగితే చదువుకున్నవాళ్లు చెప్పారు: పేరు పులిదోర్, రైతుల ఇంట్లో పుట్టాడు, ఏటా జూలైలో ఫ్రాన్సు దేశమంతా చుట్టే పెద్ద రేసులో ఎంత తొక్కినా మొదటి స్థానం రాదు, అయినా జనం గెలిచినవాణ్ని వదిలి ఇతణ్నే నెత్తిన పెట్టుకుంటారు.

రాజలింగుకు అంతకన్నా ఎక్కువ చెప్పనక్కర లేకపోయింది. ఇంట్లో రెండో కొడుకు. పొలం పెద్దోడి చేతికి పోతే పట్నం వచ్చినవాడు. క్యాంపసు స్లో సైకిల్ పోటీలో, అంటే కింద కాలు పెట్టకుండా అందరికన్నా వెనక వచ్చినవాడు గెలిచే పోటీలో, రెండు సార్లు రెండోవాడు. ముషీరాబాదులో ఒకసారి రోజుల తరబడి దిగకుండా సైకిలు మీదే తిరిగే ఆటలోనూ దిగాడు. సైకిలు మీదే తిన్నాడు, సైకిలు మీదే గడ్డం గీసుకున్నాడు. అవతలివాడికన్నా కాస్త ముందు నిద్ర పట్టి పడిపోయాడు. దండ అవతలివాడికే పడింది.

ఆ అనుభవంతోనే ఫ్రాన్సు రేసు మీద తీర్పులు చెప్పేవాడు.

"పొద్దుమూకంగనే దిగి హోటల్ల పండుకుంటరట! మంచం మీద పండుకునేటోనిది రేసెట్లయితది? యాత్ర అయితది."

గేర్ల మీద: "గేరు పెడితె మా అత్త గూడ గుట్టెక్కుతది."

ఇటలీవాళ్ల మీద: "ఫోటోలకు తల దువ్వుకునేదాంట్ల ఒక గుట్ట ఎన్కబడతరు."

అంతకుముందు ఫ్రిజులు, కాఫీ మిషన్లు అమ్మే కంపెనీల పేర్లు ఛాతీ మీద రాసుకొని తొక్కినవాళ్లు ఈ రెండేళ్లూ దేశాల జట్లుగా తొక్కుతున్నారని విన్నప్పుడు పెదవి విరిచాడు. "కంపెనీ అంటె జీతం ఆపుతరన్న భయం ఉంటది. దేశం పేరు చెప్తె ఎవడు ఎవని మాటింటడు?"

ఇన్ని మాటలు చెప్పే రాజలింగుకు ఫ్రెంచి ముక్క రాదు. పేపర్లు తెచ్చేవాడు శ్రీనివాసరావు. తెనాలి నుంచి వచ్చి యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేస్తూ విద్యానగర్‌లో కాపురముంటున్నాడు. సీసా అడుగంత మందం కళ్లద్దాలు. సైకిలు ఎక్కడం రాదు. వచ్చిన పనల్లా చాయ్ తాగడం, వాదించడం. అతనికీ ఫ్రెంచి రాదు. చదివి తెలుగులో చెప్పేది అతని కూతురు వేదవతి. సాయంత్రం ఫ్రెంచి డిప్లొమా క్లాసు ముగించుకొని, అద్దె సైకిలు తిరిగి అప్పజెప్పడానికి వచ్చి, బెంచీ మీద కూర్చొని ఆనాటి పేపరు వినిపించేది. ఆ అమ్మాయికి కిరాయి మాఫీ.

ఆనాటి పేపరు అంటే ఆనాటిది కాదు. సూయెజ్ కాలువ మూతబడి ఏడాది దాటింది. ఐరోపా ఓడలు ఆఫ్రికా కొన చుట్టి వస్తున్నాయి. వాస్కోడగామా కాలానికి తిరిగి వెళ్లినట్టే. కాకపోతే అతను మిరియాల కోసం వచ్చాడు, ఇవి రాజలింగు కోసం వచ్చాయి. జూలై రేసు తార్నాకకు దసరాతో పాటు చేరేది. పేపర్ల కట్టంతా లైబ్రరీ నుంచి ఒక్కసారే చేతికొచ్చినా షెడ్డులో చట్టం ఒకటే: రోజుకొక పేపరు. ముందు పేజీలు తిప్పకూడదు. ఫలితం తెలిసినవాడు నోరు విప్పితే రాజలింగు వాడికి బ్రేకుల్లేని సైకిలు ఇస్తాడు. తార్నాకలో రేసు ఇంకా నడుస్తూనే ఉందని రాజలింగు వాదన. కాదనడానికి ఎవరి దగ్గరా ఆధారం లేదు.

అరవై ఎనిమిది దసరాకు కట్ట వచ్చింది. మొదటి రోజు ఫోటోల్లో హాలెండు మనిషి జాన్సెన్ కళ్లద్దాలతో కనబడ్డాడు.

"గీ అద్దాలోడు రేసుకెందుకు? లైబ్రరీకి పోవాలె గని!" అన్నాడు రాజలింగు. "చెమట తుడుసుకునేదాంట్లనే సగం దినం ఖతం."

శ్రీనివాసరావు చాయ్ సాసరు కింద పెట్టాడు. "అంటే ఏమిటయ్యా నీ ఉద్దేశం? కళ్లద్దాలు పెట్టుకున్నవాడు మనిషి కాడా?"

"మనిషే సారూ. గెలిచే మనిషి గాదంటున్న."

"జాన్సెనే గెలుస్తాడు. రాసుకో."

"నాకు రాసుడు రాదు. బోర్డు మీద రాపిచ్చుకున్న గద, ఈ ఏడు మావోడే ఫస్టు!"

ఇరానీ హోటల్లో ఉన్న కుర్రాళ్లంతా బయటికి వచ్చారు. ఇద్దరు పెద్దమనుషులు వాదించుకుంటుంటే పందెం కుదర్చకుండా వదిలే జాతి కాదు విద్యార్థులు. షరతులు ఖాయమయ్యాయి. పులిదోర్ మొదటివాడైతే శ్రీనివాసరావు సైకిలు నేర్చుకొని ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి తార్నాక దాకా తొక్కుకుంటూ రావాలి. జాన్సెన్ గెలిస్తే బోర్డు మీద పులిదోర్ పేరు చెరిపి, ఆ చోటనే జాన్సెన్ పేరు రాయించాలి.

రాజలింగు నవ్వుతూనే ఒప్పుకున్నాడు గాని చూపు బోర్డు మీదికి పోయింది. ఆ బోర్డు మీద అతని పేరు చిన్న అక్షరాల్లో ఉంది. పెద్ద అక్షరాల పేరు పోతే ఏదో తన పేరే పోయినట్టు ఉంటుందని అప్పుడు తెలిసింది.

రేసు సాగింది. రోజూ పులిదోర్ ముందువాళ్ల మధ్యే ఉన్నాడు. కొండలు దగ్గర పడుతున్నాయి. శ్రీనివాసరావు రహస్యంగా సైకిలు పెడలు మీద కాలు పెట్టి, ఎవరూ చూడలేదని నమ్మి తీసేయడం కూడా జరిగింది.

ఆ సాయంత్రం వేదవతి ఎప్పటికన్నా ఆలస్యంగా వచ్చింది. పేపరు మొహానికి అడ్డంగా ఎత్తి పట్టుకొని చదవడం మొదలెట్టింది. "ఇవాళ... ఇవాళ పులిదోర్ బాగా తొక్కాడు. అయిదోవాడుగా వచ్చాడు."

ఆమె అటువైపు పేజీ చదువుతోంది. ఇటువైపు పేజీ, బెంచీకి ఎదురుగా కింద కూర్చున్న రాజలింగుకు ఒక్కడికే కనబడుతోంది. అందులో పెద్ద ఫోటో: పులిదోర్ మొహం నిండా నెత్తురు, ముక్కు మీద కట్టు. పక్కనే ఒక మోటారు సైకిలు బొమ్మ. ఫ్రెంచి రానివాడికి కూడా మోటారు సైకిలు అర్థమవుతుంది. రేసు వెంట నడిచే బండి ఒకటి వచ్చి గుద్దిందన్నమాట.

రాజలింగు చేతిలో పానా ఆగింది. ఇక ఇతను తొక్కలేడు. ఇలాంటి మొహంతో ఎవడు కొండలెక్కుతాడు?

"అయిదోవాడుగానా బిడ్డా?"

"అవును బాబాయ్. చాలా ఉత్సాహంగా ఉన్నాట్ట."

రాజలింగు ఆమె వేళ్ల వైపు చూశాడు. ఆమె పేపరు ఇంకాస్త పైకెత్తింది. ముసలాడి గుండె పగలగొట్టలేక అమ్మాయి అబద్ధాన్ని నెత్తికెత్తుకుంది. నిజం చెప్పి ఆ బరువు దించుదామా అనుకున్నాడు. అంతలో శ్రీనివాసరావు "అయిదోవాడా! మా జాన్సెన్ ఎక్కడున్నాడమ్మా?" అని కంగారు పడడం చూశాడు. చూసి, పానా మళ్లీ తిప్పాడు.

మర్నాటి నుంచి తార్నాకలో రెండు రేసులు నడిచాయి. ఒకటి పేపర్లో, ఒకటి వేదవతి నోట్లో. రెండో దానికి రాజలింగు ప్రశ్నలు తోడయ్యాయి.

"ఇయ్యాల పొద్దున ఏం తిన్నడట బిడ్డా?"

"తినడం... అన్నం బాబాయ్. పెరుగన్నం."

"ఫ్రాన్సుల పెరుగన్నమా?"

"కొండలెక్కే రోజు మాత్రం తింటారట."

"మంచిగున్నది. ఊరగాయ?"

వేదవతి పేపరు చాటున కళ్లు మూసుకుంది. "నిమ్మకాయ."

శ్రీనివాసరావు ఆ రాత్రి ఇంట్లో పెరుగన్నం తిని, బలం వచ్చిందా అని భుజం నొక్కి చూసుకున్నాడట. అది తరవాత తెలిసిన సంగతి.

"ఫోటోలల్ల మావోడు కనవడుతలేడేంది?" అని ఒకనాడు గుచ్చాడు రాజలింగు.

"ఫోటోగ్రాఫరుకన్నా ముందు వెళ్లిపోయాడు బాబాయ్," అంది తడుముకోకుండా. రాజలింగు మనసులో మెచ్చుకున్నాడు. అమ్మాయి తయారవుతోంది.

ఇంటి దగ్గర భార్య సారలమ్మ నిలదీసింది. "పిల్ల అబద్ధమాడుతుందని ఎరికుండి గట్ల ఆడిపిస్తవా? ఇజ్జత్ లేదా?"

"అబద్ధం ఆమెది. ఇనేది నేను. ఇనేటోనికి పాపమేడుంటది?"

అన్నాడే గాని, ఆఖరి పేపరు ముందు రోజు పొద్దున ట్యూబులకు పాచీలేస్తూ కూర్చుంటే లోపల ఏదో కదిలింది. రేపు ఈ అమ్మాయి పులిదోర్ ఫస్టు అంటే? పందెం గెలిచినట్టే. శ్రీనివాసరావు పంచె ఎగగట్టి సైకిలు ఎక్కాల్సిందే. బోర్డు నిలుస్తుంది. నిజం ఓడల్లో వచ్చింది. అబద్ధం విద్యానగర్ నుంచి వచ్చింది. దగ్గరిదాన్ని నమ్మితే తప్పేమిటి? నోరు మూసుకొని ఊరుకుందామని తీర్మానించుకున్నాడు. ఆ తీర్మానానికి కొంచెం సిగ్గుపడ్డాడు కూడా. పడి, ఆ సిగ్గు మీద కూడా ఒక పాచీ వేశాడు.

ఆఖరి సాయంత్రం హాస్టలు సగం షెడ్డు ముందే ఉంది. వేదవతి పేపరు విప్పింది. మొదటి పేజీ నిండా జాన్సెన్. కళ్లద్దాలు మెరుస్తున్నాయి. దాన్ని దాచడానికి చెయ్యి అడ్డం పెట్టినా చాలదు.

"జాన్సెన్ గెలిచాడు," అంది నెమ్మదిగా. "రేసంతా ఒక్క రోజైనా ముందున్నవాడి పసుపు బనీను వేసుకోనివాడు, చివరి రోజు ఒక్కొక్కరూ విడిగా గడియారంతో పోటీ పడే పరుగులో, నిమిషం కూడా లేని తేడాతో గెలిచాడు."

శ్రీనివాసరావు కళ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్లీ పెట్టుకున్నాడు. కుర్రాళ్లు గోల చేశారు. రాజలింగు చెయ్యెత్తి ఆపాడు.

"మరి మావోడు?"

వేదవతి పేపరు మడిచింది. "పులిదోర్ రెండోవాడు బాబాయ్. కొద్దిలో పోయింది."

రాజలింగు పానా కింద పడేశాడు.

"రెండోదా! రేసుల ఎప్పటికీ వెనకవడుడే. పేపర్ల వెనకవడుడే. నీ చేతుల ఉన్న అబద్ధంల గూడ రెండోదేనా బిడ్డా? మొత్తం నీ నోట్లనే ఉండె గద! ఫస్టు చేస్తె నీ సొమ్మేం పోయేది?"

కుర్రాళ్ల తలలన్నీ వేదవతి వైపు తిరిగాయి.

"అబద్ధమేమిటి?" అన్నాడు శ్రీనివాసరావు.

"మీకు... ఎప్పుడు తెలిసింది?" వేదవతి మొహం ఎర్రబడింది.

"మొదటి దినమే. ముక్కు పగిలిన ఫోటో నా మొహానికే పట్టుకున్నవు."

"మరి పెరుగన్నం?"

"నిమ్మకాయ ఊరగాయ మంచిగుండె."

ఆమెకు ఏడుపు రాబోయి నవ్వు వచ్చింది. "మోటారు సైకిలు గుద్దింది బాబాయ్. తరవాత రేసు వదిలేశాడు. చెప్పలేకపోయాను. ఇవాళ ఫస్టు చేద్దామనే అనుకున్నా. కానీ ఈ ఫోటో ఎలా దాచను?"

"దాచుడెందుకు? ఈయనే పులిదోర్, ఇయ్యాల ఎండ కొట్టిందని అద్దాలు పెట్టుకున్నడు అంటె అయిపోయేది!"

శ్రీనివాసరావుకు ఇదంతా నెమ్మదిగా ఎక్కింది. మొదట కూతురి మీద కోపం, తరవాత అనుమానం. "ఉండండి. మా జాన్సెన్ గెలవడం కూడా కల్పనేనా?"

"కాదు నాన్నా. కల్పించనిది అదొక్కటే."

"అయితే పందెం పందెమే," అన్నాడు ఛాతీ విరిచి.

"కాదన్ననా సారూ?" రాజలింగు తనే నిచ్చెన తెచ్చి బోర్డు దించాడు. పెయింటరు గట్టయ్య వచ్చి పసుపు అక్షరాల మీద నీలం పూశాడు. రాజలింగు అటు తిరిగి, అవసరం లేని చక్రానికి గాలి కొట్టాడు. వారంలో బోర్డు పైకెక్కింది: 'జాన్సెన్ సైకిల్ టాక్సీ.'

శ్రీనివాసరావు ప్రతి సాయంత్రం ఎదురుగా బెంచీ మీద కూర్చొని, దాన్ని చూసుకుంటూ చాయ్ తాగాడు. ఆ సంతోషం కొన్నాళ్లే నిలిచింది. కొత్త కుర్రాడు ఎవడైనా వచ్చి అడిగేవాడు. "జాన్సెన్ ఎవరు?"

"పులిదోర్ లేని రేసు గెలిచినోడు," అనేవాడు రాజలింగు తాపీగా.

"పులిదోర్ ఎవరు?"

అంతే. రైతు ఇల్లు, కొండ, భుజానికి భుజం, మోటారు సైకిలు, నెత్తురు, పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ, మొత్తం కథ నడిచేది. కుర్రాడు కళ్లనీళ్లు పెట్టుకొని సైకిలు తీసుకెళ్లేవాడు. క్యాంపసంతా పులిదోర్ పేరు మోగిపోయింది. జాన్సెన్ పేరు ఎత్తినవాడల్లా పులిదోర్ మనిషై తిరిగొస్తున్నాడు.

చివరికి ఒకనాడు శ్రీనివాసరావు బెంచీ మీంచి లేచి దగ్గరకొచ్చాడు.

"రాజలింగూ, ఆ బోర్డు మార్చెయ్యవయ్యా. నీ పాత పేరే రాయించుకో. పెయింటు ఖర్చు నేనిస్తాను."

"అయ్యో, అదెట్ల సారూ," అన్నాడు రాజలింగు, ఎంతో బాధపడుతున్నవాడిలా. "గెలిచిండు గద పాపం! పందెం పందెమే."

అని, అప్పుడే వచ్చి బోర్డు వైపు తలెత్తి చూస్తున్న కుర్రాడి కోసం బెంచీ తుడిచాడు.