ఓదెమ్మ గడపకు అడ్డం పెట్టిన కట్టెలు

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ముప్పై నాలుగేళ్ళు ప్రభుత్వ పాఠశాలల్లో పాఠాలు చెప్పాను. అందులో చివరి పదకొండేళ్ళు ప్రధానోపాధ్యాయుడిగా పనిచేశాను. ఒకసారి మా వసతి గృహంలో రాత్రిపూట ఎవరో తిరుగుతున్నారన్న పుకారు లేచింది. ఆ మాట పుట్టించిన ముగ్గురు విద్యార్థులను పిలిపించి, తాము కంటితో చూసినది ఒక గడిలో, ఇతరుల నోట విన్నది ఒక గడిలో, ఊహించుకున్నది మరొక గడిలో రాసి ఇమ్మన్నాను. మొదటి గడి ముగ్గురికీ ఖాళీగానే మిగిలింది. ఆ సాయంత్రానికే పుకారు సమసిపోయింది.

ఇప్పుడు నా అనుభవాన్ని రాయడానికి కూర్చుంటే నా మొదటి గడి నిండిపోతున్నది. అందుకే ఇంతకాలం రాయలేదు.

గత వర్షాకాలంలో నా పాత శిష్యుడొకడు జ్యోతినగర్‌లో తన కుమార్తె నిశ్చితార్థానికి రమ్మని పిలిచాడు. ముహూర్తం పదకొండున్నరకు. వానల్లో బస్సులను నమ్ముకోవడం ఇష్టం లేక నేను హనుమకొండ నుంచి ముందు రోజు సాయంత్రమే బయలుదేరి, దాని పక్కనే ఉన్న గోదావరిఖనిలో ఒక లాడ్జిలో దిగాను. తెల్లవారి లేచి స్నానం ముగించేసరికి ఆరు కాలేదు. ఐదు గంటల సమయం చేతిలో ఉంది.

ఏ ఊరు వెళ్ళినా ఉదయం పూట నివాస వీధుల్లో నడవడం నాకు అలవాటు. ఒక ఊరి నడవడిక దాని వాకిళ్ళలో తెలుస్తుందని నా అభిప్రాయం. ఫోనును లాడ్జిలోనే చార్జింగుకు పెట్టి, గొడుగు తీసుకొని, గని కార్మికుల పాత క్వార్టర్ల వైపు నడిచాను.

రాత్రంతా కురిసిన వాన అప్పుడే తెరిపి ఇచ్చింది. ఆకాశం ఇంకా నేలకు దగ్గరగానే ఉంది. కాలువల్లో నీళ్ళు నల్లగా పారుతున్నాయి. వేపాకుల మీద కూడా బొగ్గు పొడి తడిసి అంటుకొని ఉంది. అయినా ఆ కాలనీ నాకు నచ్చింది. వీధులు గీత గీసినట్టు తిన్నగా ఉన్నాయి. ప్రతి క్వార్టరుకూ గోడమీద సంఖ్య ఉంది. నేను మొదటి వరుసతో మొదలుపెట్టి, ఏదీ వదలకుండా, క్రమంగా నడిచాను.

మరొకటి కూడా గమనించాను. ఏడున్నర దాటాక ఆ వీధులు మరింత నిశ్శబ్దమయ్యాయి. ఆడవాళ్ళు బిందెలను చప్పుడు కాకుండా దించుతున్నారు. కూరగాయల ఆటో ఒకటి కాలనీ మలుపులో మైకు కట్టేసి లోపలికి వచ్చింది. రాత్రి షిఫ్టు ముగించి వచ్చిన మగవాళ్ళు నిద్రపోయే వేళ అది. ఎవరూ చెప్పకుండానే ఇంతమంది పాటించే క్రమశిక్షణను చూసి నాకు ముచ్చట వేసింది.

ఆరవ వరుసలో ఒక క్వార్టరు మాత్రం ముందుకు పొడుచుకొని వచ్చింది. ఇంటివాళ్ళు సొంతంగా ముందు ఒక గది కట్టించుకున్నారు. దాని స్లాబు, చెయ్యెత్తితే అందేటంత తక్కువ ఎత్తులో, గడప ముందుకు మూరెడు చొచ్చుకొని వచ్చింది. వరుస చెడినందుకు నేను ఆగి దాన్ని చూస్తున్నాను. సంచీ పట్టుకొని బయటికి వస్తున్న యాభై దాటిన ఇంటావిడ నన్ను చూసి నిలబడింది.

"ఏంది సారూ, ఇండ్లు లెక్కవెడుతున్నవ్? మా అర్ర కూలగొట్టవోతవా ఏంది?" అన్నది.

ఎదురింటి వాకిట్లో బట్టలు ఉతుకుతున్న ఆవిడ అందుకుంది. "చాయ్ పొయ్యే ఓదక్కా, వదిలిపెట్టి పోతడు."

"నీ ఇంట్ల పొయ్యరాదే సమ్మక్కా. నా ఇంట్ల పాలే లెవ్వు," అని ఓదెమ్మ నవ్వింది.

నేను క్వార్టర్ల ఆఫీసు మనిషిని కాననీ, ఊరు చూస్తూ నడుస్తున్నాననీ చెప్పాను.

"గీ ఊర్ల ఏమున్నది సారూ సూడ? బొగ్గు బుగ్గి తప్ప." అంతలో ఆమె గొంతు తగ్గించింది. "జర మెల్లగ మాట్లాడు. మా సురేషు నైట్ షిఫ్టు చేసొచ్చి గిప్పుడే పన్నడు. నడుమ లేశిండంటే మళ్ళ నిద్ర వట్టది. నిద్ర లేకుంట బాయిల దిగితే ఎట్లుంటది?"

బాయి అంటే ఇక్కడివాళ్ళ మాటలో బొగ్గుగని. ఆమె తలుపు దగ్గరికి వేసి, పాలకూ కూరగాయలకూ వెళ్ళిపోయింది. నేను మిగిలిన వరుసలు చూడటానికి ముందుకు నడిచాను.

తిరిగి అదే వీధిలోకి వచ్చేసరికి ఎనిమిదింబావు దాటింది. దూరం నుంచే చప్పుడు వినిపించింది. టక్, టక్, మళ్ళీ కొంత వ్యవధి, మళ్ళీ టక్.

ఓదెమ్మ గడప ముందు ఒక మనిషి నిలబడి ఉన్నాడు. అరవై ఏళ్ళకు అటూ ఇటూ ఉంటాయి. వెలిసిన ఖాకీ చొక్కా, తలకు తువ్వాలు. కుడిచేతిలో పొడవాటి కర్రతో ఆ స్లాబును కింది నుంచి తడుతున్నాడు. ప్రతి దెబ్బకూ ఎడమ అరచెయ్యిని స్లాబుకు ఆనించి, తల వంచి వింటున్నాడు. ఆ చేతికి మూడే వేళ్ళు ఉన్నాయి. లెక్కపెట్టే అలవాటు నాది కనుక లెక్కపెట్టాను. గోడ పక్కన కొట్టినప్పుడు గట్టి శబ్దం వచ్చింది. గడప మీదుగా కొట్టినప్పుడు ఖాళీ కుండను తట్టినట్టు వినిపించింది.

నాకు కోపం వచ్చింది. వీధి వీధంతా ఒక మనిషి నిద్ర కోసం గొంతు తగ్గించుకుంటే, ఇతను సరిగ్గా ఆ మనిషి తలుపు ముందే చప్పుడు చేస్తున్నాడు. దగ్గరికి వెళ్ళి, "ఏమయ్యా, లోపల రాత్రి షిఫ్టు చేసినవాడు పడుకున్నాడు. ఆ మాత్రం బుద్ధి లేదా? ఎవరు పంపించారు నిన్ను, క్వార్టర్ల ఆఫీసువాళ్ళా?" అని గద్దించాను.

అతను కర్ర దించి నావైపు చూశాడు. కోపం గానీ భయం గానీ లేని చూపు అది.

"కప్పు బోలుగున్నది సార్. పోరన్ని లేపుండ్రి," అన్నాడు.

"ఆఫీసు పది గంటలకు తెరుస్తారు. కాగితం తీసుకొని అప్పుడు రా," అన్నాను నేను.

అతను గోడవారగా వంగి రెండు కట్టెలు తీసి, గడప ముందు ఒకదాని మీద ఒకటి అడ్డంగా, గుణకారపు గుర్తులా వాల్చాడు. తరువాత ఇంటి పక్క సందులోకి తిరిగి వెళ్ళిపోయాడు.

దారికి అడ్డంగా వస్తువులు పడి ఉండటం నేను సహించలేను. ఇంటావిడ చేతిలో సంచీతో వస్తే తట్టుకొని పడుతుందన్న ఆలోచన కూడా వచ్చింది. నేను ఆ రెండు కట్టెలను తీసి గోడకు నిలువుగా, పక్కపక్కన చేర్చాను. వాకిలంతా తడిగా ఉన్నా అవి పొడిగా ఉన్నాయి. నా చేతులకు తెల్లటి పొడి అంటింది. రుమాలుతో తుడుచుకున్నాను.

ఐదు నిమిషాల్లో ఓదెమ్మ వచ్చింది. జరిగింది ఆమెకు తెలియజేయడం నా బాధ్యత అనుకొని, ఎవరో వచ్చి స్లాబు తట్టారనీ, తలుపుకు కట్టెలు అడ్డం పెడితే నేను తీసివేశాననీ చెప్పాను.

ఆమె చేతిలోని సంచీ కిందికి జారింది. "అడ్డం కట్టెలా?" అన్నది. "ఎడమ చెయ్యికి ఎన్ని వేళ్ళున్నయ్ సారూ?"

మూడు అన్నాను.

ఆమె నన్ను తోసుకొని లోపలికి ఉరికింది. "సురేషూ, లేరా, లే!" అన్న కేక వీధి చివరి దాకా వినిపించి ఉంటుంది. ముప్పై ఏళ్ళు నిండని మనిషిని చెయ్యి పట్టి ఈడ్చుకొచ్చి, వాకిట్లో నా పక్కన నిలబెట్టింది.

"ఏందే అవ్వా నీ లొల్లి? ఇప్పుడే కన్నంటుకున్నది," అని అతను విసుక్కున్నాడు.

"మీ నాయిన వచ్చిండురా. కప్పు తట్టి సూసి అడ్డం కట్టెలు వెట్టి పోయిండు."

అతను గడప వైపు చూశాడు. "యాడున్నయే కట్టెలు?"

ఓదెమ్మ నావైపు చూసింది. నేను గోడ వైపు చూపించాను.

సురేష్ నవ్వాడు. "గోడకు నిలవెట్టిన కట్టెలు సూసి ఉరుకుమంటవా? గడపకు అడ్డం వెట్టి ఉంటే నేనే దాటేటోన్ని కాదు. బాయిల మా పెద్దసారు సుత దాటడు. నాయిన పోయి తొమ్మిదేండ్లాయె, ఇంకా కలలు గంటున్నవా?" అన్నాడు.

"పోకురా, నీ కాళ్ళు మొక్కుత," అని ఆమె చొక్కా పట్టుకుంది. "ఫోను తెచ్చుకుంటనే, సమ్మక్కోళ్ళింట్ల పండుకుంట తియ్యి," అని అతను ఆమె చెయ్యి విడిపించుకొని లోపలికి అడుగుపెట్టాడు.

మూడో అడుగుకు స్లాబు కూలింది.

ఆ శబ్దాన్ని వర్ణించను. దుమ్ము తగ్గేసరికి వీధిలోని మగవాళ్ళంతా నిద్ర కళ్ళతో వచ్చి పెళ్ళలు తొలగిస్తున్నారు. అటువంటి పని వాళ్ళకు తెలుసు. ఒకరినొకరు తోసుకోకుండా, మాట్లాడుకోకుండా తీశారు. సురేష్ బతికే ఉన్నాడు. నడుము దగ్గర ఎముక విరిగింది. కుడికాలు మోకాలి కింద నలిగిపోయింది. నేను నిశ్చితార్థానికి వెళ్ళలేదు. సాయంత్రం దాకా దవాఖానా వరండాలో ఓదెమ్మ పక్కన కూర్చున్నాను.

అక్కడ ఆమె చెప్పింది. ఆమె భర్త రాజయ్య గనిలో సర్దారు. కార్మికులు పనికి దిగేముందు కప్పును కర్రతో తట్టి, చెయ్యి ఆనించి, గట్టిదా బోలుదా చెప్పడం సర్దారు పని. కప్పు పడేటట్టు ఉంటే ఆ చోటు ముందు రెండు కట్టెలు అడ్డంగా పెడతాడు. దాటి ఎవరూ పోరు. రాజయ్య చుట్టాల ఇళ్ళకు పోయినా కప్పు తట్టి చూసేవాడట. గనిలోనే రెండు వేళ్ళు పోగొట్టుకున్నాడు. ఊపిరితిత్తులు చెడి, పడుకోలేక, కూర్చోలేక, తొమ్మిదేళ్ళ కింద చనిపోయాడు. ఆ ఉద్యోగమే కొడుక్కు వచ్చింది.

నేను మరుసటి రోజు కూడా ఆ ఊళ్ళోనే ఉండి విచారించాను. క్వార్టర్ల ఆఫీసు నుంచి ఎవరినీ పంపలేదన్నారు. ఆ కాలనీలో ఉన్న విశ్రాంత సర్దార్లు ఇద్దరినీ కలిశాను. ఇద్దరి చేతులకూ పది వేళ్ళు ఉన్నాయి. అతను వెళ్ళిన సందును వెళ్ళి చూశాను. చివర గోడ ఉంది. గోడ దాటి దారి లేదు. రుమాలుకు అంటిన తెల్లపొడిని ఆ సర్దార్లకు చూపిస్తే, గనిలో బొగ్గుపొడికి నిప్పు అంటుకోకుండా చల్లే రాతిపొడి అట్లాగే ఉంటుందన్నారు.

చివరికి సమ్మక్కను అడిగాను. ఆమె ఆ ఉదయమంతా ఎదురుగానే బట్టలు ఉతికింది.

"నువ్వొక్కనివే నిలవడి ఎవరినో కోపం జేస్తుంటివి సారూ. ఫోన్ల మాట్లాడుతున్నవనుకున్న," అన్నది.

నా మీద నాకే అనుమానం పెట్టుకొని చాలా ఆలోచించాను. వయసు వల్ల కలిగిన భ్రమ అనుకుందామంటే, ఆ స్లాబు బోలుగా ఉందన్న సంగతి నా భ్రమకు ఎట్లా తెలుస్తుంది? ఎవరో బాటసారి అనుకుందామంటే, సమ్మక్క కళ్ళు ఎక్కడికి పోయాయి? ఏ సమాధానమూ నిలబడటం లేదు. ఆ మనిషి ఎవరో నేను చెప్పలేను. కట్టెలు తీసింది ఎవరో చెప్పగలను.

రెండు నెలల తరువాత సురేష్‌ను చూడటానికి వెళ్ళాను. వెనుక గదిలో మంచం మీద ఉన్నాడు. చేతికర్రతో నాలుగడుగులు వేస్తాడట. గనిలోకి మళ్ళీ దిగలేడని వైద్యులు చెప్పారట. నన్ను చూసి, "సారు మళ్ళ ఇండ్లు లెక్కవెట్ట వచ్చిండే అవ్వా," అని నవ్వబోయాడు. నేను ఎక్కువసేపు అతని ముఖంలోకి చూడలేకపోయాను.

ఓదెమ్మ చాయ్ తెచ్చి ఇచ్చి, నా ఎదురుగా నేలమీద కూర్చుంది.

"సారూ, ఒక్క ముచ్చట అడుగుత. ఆయన ఎట్లుండె? దమ్ము తియ్యవస్తుండెనా?"

ఆయాసపడలేదమ్మా, చెయ్యెత్తి అంతసేపు తట్టినా మామూలుగానే ఊపిరి తీసుకున్నాడు అన్నాను. అది నిజం. ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకొని, చాలాసేపు తల ఊపింది.

"ఏమన్నడు?"

కప్పు బోలుగా ఉంది, పిల్లవాణ్ణి లేపమన్నాడు అని చెప్పాను.

"మరి నువ్వేమన్నవ్ సారూ ఆయనతోని?"

నేను చాయ్ గ్లాసు కింద పెట్టి, బస్సుకు వేళయిందని లేచాను. నా బస్సుకు ఇంకా గంటన్నర వ్యవధి ఉంది.