ఒక్కసారే అడిగారు

బ్రాక్‌నెల్‌లోని ఒక ప్రైమరీ స్కూల్లో విజయ డిన్నర్ లేడీ. పేరులో డిన్నరున్నా పని మాత్రం మధ్యాహ్నమే. పిల్లల్ని వరసలో నిలబెట్టాలి, ట్రేలు ఒలకకుండా చూడాలి, ఏడ్చేవాళ్ల ముక్కులు తుడవాలి. ఆ హాల్లో ఆమె ఇంగ్లీషుకు తిరుగులేదు. "పరుగెత్తొద్దు", "కోటేసుకో", "ఇంకో రెండు బఠాణీలు తింటే కేకు దగ్గరికి పోవచ్చు" అని ఆమె అన్నదంటే ఎంత అల్లరివాడైనా వినాల్సిందే. ప్రొద్దుటూరు యాసలో సాగే ఆ ఇంగ్లీషును వంటావిడ అప్పుడప్పుడు అనుకరించి నవ్వించేది. అందులో వెక్కిరింత కన్నా ప్రేమే ఎక్కువ.

అలాంటి విజయకు నలభై దాటాక యూనివర్సిటీలో చదవాలనిపించింది. ఆ కోరిక నిజానికి ఏనాడో పుట్టింది. ఇద్దరు పిల్లల పెంపకంలో అది ఒక మూల ఒద్దికగా కూర్చుని తన వంతు కోసం చూస్తూ ఉండిపోయింది. ప్రొద్దుటూరులో తెలుగు మీడియంలో బీఎస్సీ చదివి, పెళ్లయ్యాక భర్త విజయభాస్కర్ వెంట ఈ దేశం వచ్చిన మనిషి. చిన్నవాడు సుహాస్ కూడా సెకండరీ స్కూలుకు పోవడం మొదలుపెట్టాక, పిల్లల ఆహారం మీద మాస్టర్స్ చేస్తానని దరఖాస్తు పెట్టింది. రోజూ ట్రేల మీంచి చెత్తబుట్టలోకి పోయే క్యారెట్లను చూసీ చూసీ ఆమెకు ఆ విషయం మీద పట్టుదల పెరిగింది.

యూనివర్సిటీవాళ్లు సీటిస్తామన్నారు గానీ ఒక మెలిక పెట్టారు. విదేశాల్లో చదివి వచ్చినవాళ్ల కోసం వేసవిలో నడిపే ఇంగ్లీషు కోర్సులో చేరి, చివరి పరీక్ష గట్టెక్కాలి. గట్టెక్కకపోతే సీటు పోయినట్టే. "వచ్చే ఏడు చూద్దాంలే" అని తన చదువు గురించి తన నోటితోనే ఎన్నోసార్లు అనుకున్న మనిషి విజయ. ఈసారి తప్పితే ఆ మాట అనుకునే ఓపిక కూడా తనకు మిగలదని ఆమెకు తెలుసు. ఎవరితోనూ ఆ సంగతి చెప్పలేదు.

"ఇన్నేండ్లు ఈ దేశంలో ఉండి ఇప్పుడు ఇంగ్లీషు నేర్చుకుంటావా?" అని నవ్వాడు విజయభాస్కర్.

"మీరూ ఉండారు గదా ఇన్నేండ్లు. ఆ ఆఫీసు ఫోన్లలో మీరు మాట్లాడేది ఏ భాషో నేను పక్క రూములోంచి వింటానే ఉండా."

"మమ్, విల్ యూ హావ్ హోంవర్క్?" అని సుహాస్ అడిగాడు.

"ఉంటాది రా."

"కెన్ ఐ చెక్ ఇట్?" అంటూ వాడు చంకలు గుద్దుకున్నాడు.

తరగతిలో ఉన్నవాళ్లంతా ఆమె కూతురు సిరి కన్నా ఓ నాలుగైదేళ్లు పెద్దవాళ్లు, అంతే. సౌదీ నుంచి వచ్చిన ఫహద్ నోరు తెరిస్తే మూసేవాడు కాదు. జపాన్ అమ్మాయి హరుకా అసలు తెరిచేదే కాదు. టీచర్ పేరు ఫియోనా. "నన్ను పేరు పెట్టి పిలిస్తే చాలు" అని మొదటి రోజే చెప్పింది. చదువు చెప్పే మనిషిని ఒట్టి పేరుతో పిలవడానికి విజయకు నోరు రాలేదు. చివరికి 'ఫియోనా మేడమ్' దగ్గర ఇద్దరికీ రాజీ కుదిరింది.

చివరి పరీక్ష కూర్చుని రాసేది కాదు. ఇచ్చిన వ్యాసాన్ని ముందే చదువుకుని రావాలి. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుని దాన్ని చర్చించాలి. ఫియోనా పక్కనే కూర్చుని వింటూ మార్కులు వేస్తుంది. దాన్నే సెమినార్ అంటారు. అసలు పరీక్షకు వారం ముందు అభ్యాసం కోసం ఒకటి పెట్టారు. ఊళ్లలో కార్లు తగ్గించి బస్సులు పెంచడం గురించి వ్యాసం. విజయ దాన్ని కంఠతా వచ్చేదాకా చదివింది. పైగా బస్సుల గురించి ఆమెకు తెలిసినంత ఆ బల్ల దగ్గర ఎవరికి తెలుసు? వానలో గొడుగు పట్టుకుని రాని బస్సు కోసం చూడటంలో ఆమెది పెద్ద అనుభవం.

చర్చ మొదలైంది. ఫహద్ కాసేపు దంచి, మర్యాదగా ఆమె వైపు తిరిగాడు. "విజయా, మీరేమంటారు?"

"అయ్యో, పరవాలేదు. మీరు కానివ్వండి," అంది విజయ చిరునవ్వుతో.

అని, కుర్చీలో కాస్త ముందుకు జరిగింది. గొంతు సవరించుకుంది. మొదటి వాక్యం నాలుక చివర సిద్ధంగా పెట్టుకుంది.

ఫహద్ "ఓకే" అని కానిచ్చాడు.

అతని తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత మరొకరు. విజయ అందరి ముఖాల్లోకీ ఆశగా చూసింది. ఆ చూపును వాళ్లు శ్రద్ధగా వినడం అనుకున్నారు. నాలుక చివరి వాక్యం అక్కడే ఉండిపోయింది, సెమినార్ ముగిసింది.

అందరూ వెళ్లాక ఫియోనా ఆమెను ఆపింది. "వ్యాసం చదవలేదా, విజయా?"

"చదివాను మేడమ్. చాలా బాగా చదివాను."

"మరి ఒక్క మాటా మాట్లాడలేదే? ఇదే అసలు పరీక్షయితే తప్పేవారు. శుక్రవారం అసలుది."

ఇంటికొచ్చి విజయ వంటింట్లో గిన్నెల మీద కోపం చూపించింది. ఆ చప్పుడుకు విజయభాస్కర్ ల్యాప్‌టాప్ మూసి వచ్చాడు. సిరి తన గదిలోంచి దిగింది.

"ఏమైంది?"

"ఏమైతాది? గంటసేపు బొమ్మ మాదిరి కూర్చుని వచ్చినా. చదవకుండా వచ్చినావా అని అడిగింది మేడమ్. నన్ను! నన్నెవురూ మాట్లాడనీకపోతే నేనేం చేసేది?"

"ఎవురూ అడగలేదా నిన్ను?"

"ఆ ఫహద్ అడిగినాడు. ఒక్కసారే."

"నువ్వేమన్నావు?"

"పరవాలేదు, మీరు కానీండి అన్నా." తండ్రీ కూతుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం గమనించి విజయ గొంతు పెంచింది. "ఏం, అడిగిన వెంటనే ఎగబడతారా ఎవురైనా? ఇంకోసారి అడగొద్దా? 'కాదు, మీరు చెప్పాల్సిందే' అనొద్దా? మర్యాద లేదా?"

"మమ్," అంది సిరి చాలా నెమ్మదిగా, "యూ సెడ్ నో. దే బిలీవ్డ్ యూ."

విజయభాస్కర్‌కు నవ్వాగలేదు. "స్విండన్ గుర్తుండాదా నీకు? మా మేనేజర్ ఇల్లు?"

ఎందుకు గుర్తుండదు? ఈ దేశం వచ్చిన కొత్తలో ఆయన భోజనానికి పిలిచాడు. ఆయన భార్య పళ్లెం చాచి "తింటారా?" అంటే, పొద్దున్నుంచి ఆ విందు కోసమే కడుపు మాడ్చుకున్న ఈ దంపతులు "అబ్బే, ఇప్పుడే తిన్నాం" అన్నారు. ఆవిడ "అలాగా" అని పళ్లెం లోపల పెట్టేసింది. మిగిలినవాళ్లు వేడి వేడి చికెన్ 'పై' తింటుంటే వీళ్లిద్దరూ గోడ మీది బొమ్మల్ని మెచ్చుకుంటూ కూర్చున్నారు. తిరిగొచ్చేటప్పుడు పెట్రోల్ బంకులో చల్లటి శాండ్‌విచ్‌లు కొనుక్కుని కార్లోనే తిన్నారు.

"అది తిండి. ఇది చదువు," అంది విజయ. కానీ గొంతులో కోపం సగానికి తగ్గింది.

సిరి అప్పటికప్పుడు ఇంట్లో చట్టం చేసింది. శుక్రవారం దాకా ఈ ఇంట్లో ఏదైనా ఒక్కసారే అడుగుతారు. వద్దంటే వద్దన్నట్టే. వడ్డించే పని సుహాస్‌ది. వాడు ఆ ఉద్యోగాన్ని జడ్జి ఉద్యోగంలా స్వీకరించాడు. మొదటి పూట విజయ అలవాటుగా "నాకు చాల్లేరా, మీరు తినండి" అన్నందుకు సంగటీ కోడికూరా ఆమెను దాటి వెళ్లిపోయాయి. చేసింది తనే అయినా అప్పీలు లేదు.

మర్నాడు వాళ్లు అన్నాలకు కూర్చునే వేళకు వరలక్ష్మి ఆంటీ వచ్చింది. వెనక వీధిలో ఉంటుంది, గుంటూరువాళ్లు, కరివేపాకు మొక్క కుండీ ఇచ్చి వెళ్దామని వచ్చింది. సుహాస్ పళ్లెం పట్టుకుని ఎదురెళ్లాడు.

"ఆంటీ, డిన్నర్?"

"వద్దు నాన్నా, ఇప్పుడే టిఫిన్ చేసొచ్చా," అంటూనే ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఓకే ఆంటీ." వాడు పళ్లెం తిరిగి అలమరలో పెట్టేశాడు.

ఆవిడ అలమరా వైపు చూసింది. విజయ వైపు చూసింది. విజయ లేవబోతే సిరి చెయ్యి పట్టుకుని "మమ్, డోంట్" అంది.

"ఏంటే విజయా, మీ ఇంట్లో పద్ధతులు మారినయ్యా? నామీదేమన్నా కోపమా?"

ఇక దాచలేక సంగతంతా చెప్పారు. వరలక్ష్మి ఆంటీ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. "అయితే ఆ కోర్సు నీక్కాదే, ముందు నాకు కావాలి. ఏరా సుహాసూ, ఎస్ అంటన్నా విను. ఎస్, ప్లీజ్, థాంక్యూ, మూడూ చెప్పా. పళ్లెం తే!"

శుక్రవారం వచ్చింది. అందరూ ఆహారం, ఆరోగ్యం కోర్సులకు వెళ్లబోయేవాళ్లే కాబట్టి వ్యాసం బడి భోజనాల మీద ఇచ్చారు. కూరగాయలు ముందు పెట్టి ఎంచుకోవడం పిల్లలకే వదిలేయాలని, వద్దన్న బిడ్డ ఎంచుకున్నట్టేనని అందులో వాదన. ఫహద్ మొదలుపెట్టాడు, ఊపిరి తీసుకున్నాడు, అలవాటు ప్రకారం ఆమె వైపు తిరిగాడు.

"విజయా, మీకేమైనా...?"

"లేదు..." అని నోరు దానంతటది అనేసింది. ఫహద్ తల అటు తిరగబోయింది.

"లేదు కాదు! ఉంది. నేను మాట్లాడతాను," అంది విజయ అవసరానికి మించిన గొంతుతో. ఫియోనా కూడా తలెత్తి చూసింది. ఇక వెనక్కి పోవడానికి దారి లేదు.

ఆమె తన హాలు గురించి చెప్పింది. వరసలో నిలబడ్డప్పుడు, స్నేహితులు చూస్తుండగా, క్యారెట్ కావాలా అంటే పిల్లవాడు వద్దంటాడు. కాసేపయ్యాక అదే క్యారెట్ పట్టుకుని వాడి బల్ల దగ్గరికి పోయి పక్కన వంగి అడిగితే చాలామంది తీసుకుంటారు. మొదటి 'వద్దు' క్యారెట్ గురించి కాదు, పక్కవాళ్ల గురించి. ఈ వ్యాసం రాసిన పరిశోధకులు ఆ మొదటి 'వద్దు' రాసుకుని ఇంటికెళ్లిపోయారు. ఒక్కసారి అడగడం అడగడమేనా?

"కానీ మళ్లీ మళ్లీ అడిగితే అది బలవంతం కాదా?" అన్నాడు ఫహద్.

మంచి ప్రశ్నే. విజయకు తమ ఇళ్లలో విస్తరికి చేతులడ్డం పెట్టినా వేళ్ల సందుల్లోంచి నెయ్యి పోసేవాళ్లు గుర్తొచ్చారు. "అవుతుంది," అని ఒప్పుకుంది. "మా వైపు చాలాసార్లు అవుతుంది. అందుకే ముఖం చూడాలి. రెండోసారి వద్దన్నప్పుడు ముఖం కూడా వద్దంటే ఆపేయాలి. ముఖం ఎటూ తేల్చకపోతే ఇంకోసారి అడగొచ్చు."

వాక్యాలు ఒకటి రెండు చోట్ల తడబడ్డాయి. ఎవరూ పట్టించుకోలేదు, ఆమె కూడా. చర్చ వేడెక్కింది. ఎవరో హరుకాను అడిగారు. హరుకా చిన్నగా నవ్వి, "లేదు, నాకు పరవాలేదు" అంది. ఫహద్ కాగితం తిప్పాడు.

ఆ 'పరవాలేదు' విజయకు బాగా తెలిసిన గొంతులో వచ్చింది. భాష ఏదైతేనేం, కుర్చీలో ముందుకు జరిగి చెప్పే పరవాలేదు అది.

"హరుకా, చెప్పమ్మా. వ్యాసం పక్కన ఏదో రాసుకున్నావు, చూశాను."

"లేదు లేదు, పెద్ద విషయమేం కాదు."

"చిన్నదే చెప్పు. వింటాం."

హరుకా ముఖం ఎర్రబడింది. కాగితం ఎత్తి పట్టుకుంది. తమ బడిలో పిల్లలే తెల్ల టోపీలు పెట్టుకుని తోటి పిల్లలకు వడ్డిస్తారని, స్నేహితుడు వడ్డించిన కూర వదిలేయడానికి మనసొప్పదని మొదలుపెట్టింది. మొదలుపెట్టాక ఫహద్ రెండుసార్లు చెయ్యెత్తినా ఆగలేదు.

ఫలితాలు ఒక్కొక్కరినీ తన గదిలోకి పిలిచి చెప్పింది ఫియోనా. విజయ కుర్చీ అంచున కూర్చుంది.

"నెగ్గారు," అంది ఫియోనా వెంటనే. ఆమె ముఖం చూసి ఇక సాగదీయలేకపోయినట్టుంది. "క్రియాపదాలు ఇంకా మీ మాట వినడం లేదు. సాధన చేయండి. ఇక రెండోది. తోటివాళ్లను చర్చలోకి ఆహ్వానిస్తే మార్కులున్నాయి. ఒకసారి కాదన్నవాళ్లను మళ్లీ మళ్లీ అడిగితే ఎన్ని వేయాలో మాత్రం ఎక్కడా రాసి లేదు. అందుకని ఉన్నవన్నీ వేశాను."

"మా ఊళ్లో అయితే రెండుసార్లు అడగడం తక్కువే మేడమ్," అంది విజయ.

ఇంటికెళ్లే డబుల్ డెక్కర్ బస్సులో మేడ మీదికెక్కి, ఎప్పుడూ పిల్లలే కూర్చునే ముందు సీట్లో కూర్చుంది. చెట్ల కొమ్మలు అద్దానికి తగిలి వెనక్కి పోతున్నాయి. ఫోను చేతిలోనే ఉన్నా ఎవరికీ చేయలేదు. కాసేపు ఆ మాట తన దగ్గరే ఉంచుకుంది. బయట ఎవరో తోటలో గడ్డి కోస్తున్నారు, ఒక కుక్క గేటు దగ్గర ఊరికే నిలబడి ఉంది. అన్నీ ఏ కారణమూ లేకుండానే అందంగా కనిపించాయి.

విజయభాస్కరే ఉండబట్టలేక ఫోన్ చేశాడు.

"ఏమైందే? చెప్పవేంది?"

"ఏమండీ, సెప్టెంబరు నుంచి సోమవారాలు నాకు సాయంత్రం దాకా క్లాసంట."

"అంటే..."

"అంటే సోమవారం వంట మీది."

అవతల కేకలు వినపడ్డాయి. సిరి ఏదో అరుస్తోంది, సుహాస్ బల్ల చరుస్తున్నాడు. "నాకు పప్పు ఒకటే వచ్చుగదే!" అంటున్నాడు విజయభాస్కర్ వాళ్లందరి మీదుగా.

"పప్పే చెయ్యండి. రోంత చింతపండు ఎక్కువెయ్యండి," అంది విజయ.