రెండో సాక్ష్యం

చర్చి యువజన సహవాసంలో అందరూ అతన్ని కొలబద్ద అనేవాళ్లు. లిఫ్టుల మెకానిక్కు. వార్షిక కూడికకి కుర్చీలు వేయాల్సొస్తే ఆ చివర్నుంచి ఈ చివరికి దారం కట్టి, దారం వెంబడే వేసేవాడు. పదిన్నరకి రమ్మంటే పది ఇరవై తొమ్మిదికి గుమ్మంలో ఉండేవాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం తప్ప ఇంకోలా చెప్పడం రాదు. కొత్తగా పెళ్లైన రోజుల్లో భార్య జడ వేసుకుని ఎలా ఉందని అడిగితే, ఎడమవైపుకి కాస్త వంగిందని చెప్పి రెండు రోజులు మాటలు పోగొట్టుకున్నాడు.

అతని జతగాడు గంట. గొంతును బట్టి వచ్చిన పేరది. ఎనిమిదో అంతస్తులో నిలబడి పిలిస్తే వీధిలో రిక్షావాడు తలెత్తి చూసేవాడు. ఇద్దరూ ఒకే కంపెనీలో పదకొండేళ్లుగా జంటగా పనిచేశారు, ఆదివారం గుడిలోనూ ఒకే బల్ల మీద కూర్చునేవాళ్లు. ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్లు. ఎవరి చెల్లెల్ని ఎవరు చేసుకున్నారని ఎవరైనా అడిగితే గంట తడుముకోకుండా, "ఇంకా తేల్చుకోలేదండీ" అనేవాడు.

సహవాసంలో ఉండటానికి ముప్పై అయిదేళ్లు దాటకూడదని నియమం. ఇద్దరూ దాటేశారు. అయినా ఎవరూ పొమ్మనలేదు. కుర్చీలు మోసేవాళ్లనీ, మైకు సరిచేసేవాళ్లనీ ఎవరు పొమ్మంటారు? ఏటా స్కూలు హాలు అద్దెకి తీసుకుని రోజంతా కూడిక పెట్టేవాళ్లు. పొద్దున్న పాటలు, ప్రసంగం, సాక్ష్యాలు. మధ్యాహ్నం భోజనాలు, ఆటలు. చివర ఒక చిన్న నాటిక. నాటికలో ముసలి రాజు వేషం ఎప్పుడూ గంటదే. మాటలు మరిచిపోతే మరిచిపోయానని రాజు గొంతుతోనే చెప్పేవాడు. దానికోసమే పిల్లలు ఎదురుచూసేవాళ్లు.

ఆ ఏడు కూడికకి అయిదు నెలల ముందు గంట పోయాడు.

తొమ్మిదంతస్తుల ఆఫీసు భవనంలో లిఫ్టు బ్రేకు చూడటానికి వెళ్లారు. ఒకడు లిఫ్టు క్యాబిన్ పైకప్పు మీద నిలబడాలి, ఒకడు భవనం పైన మెషీన్ గదిలో ఉండాలి. ఆ రోజు కప్పెక్కాల్సింది కొలబద్ద. రెండు రోజులుగా మోకాలు వాచి ఉంది. గంట అతన్ని చూసి, "నువ్వు పైన గదిలో కూర్చో బావా, నేనెక్కుతా" అన్నాడు. క్యాబిన్ కప్పు మీద ఒక ఎర్ర బటన్ ఉంటుంది. అది నొక్కి ఉంచితే కరెంటు వేసినా లిఫ్టు కదలకూడదు. ఆ రోజు కదిలింది. దానంతటదే చివరి అంతస్తు దాకా పోయి భవనం పైకప్పుకి ఆనుకుంది. ఆ రెంటి మధ్య గంట ఉన్నాడు.

కొలబద్ద ఏడవలేదు. ఆసుపత్రి వరండాలో కూర్చున్నాడు, ఎవరో నీళ్లిస్తే తాగాడు, సూపర్‌వైజరు అట్టకి బిగించిన కాగితం ముందు పెడితే చూపించిన చోట సంతకం చేశాడు. సమాధి దగ్గర సహవాసం ప్రెసిడెంటు మాట్లాడుతూ, మన సహోదరుడు ప్రభువు నామం పెదాల మీద ఉండగానే వెళ్లిపోయాడన్నాడు. కొలబద్దకి ఆ మాట వినబడింది. కానీ ఎక్కడో పక్కింట్లో రేడియోలో వస్తున్నట్టు వినబడింది.

ఎనిమిదో రోజు పనికి వెళ్లాడు. వేళకి తిన్నాడు, వేళకి పడుకున్నాడు. నిద్ర కూడా బాగానే పట్టింది. అది చూసే భార్యకి భయం వేసింది. ఆమె మందుల షాపులో పనిచేస్తుంది. అందరికీ ఏదో ఒక మాత్ర చెప్పగలదు గానీ, ఏ నొప్పీ లేదనేవాడికి ఏం చెప్పాలో ఆమెకి తోచలేదు. ప్రార్థన చేసుకుంటున్నావా అని అడిగింది. చేస్తున్నానన్నాడు. అదీ నిజమే. కళ్లు మూసుకుని, మాటలన్నీ వరసగా చెప్పి, కళ్లు తెరిచేవాడు.

కూడిక పది రోజులుందనగా ప్రెసిడెంటు ఇంటికొచ్చాడు. బ్యాంకులో పనిచేసే కుర్రాడు, ఇస్త్రీ చొక్కా, మంచి మనసు.

"అన్నా, ఈసారి మీ సాక్ష్యం పెట్టాం. కార్యక్రమాల కాగితంలో అచ్చు కూడా వేయించేశాం."

"నేనేం చెప్పాలి?"

"దేవుడు మిమ్మల్నెలా కాపాడాడో చెప్పండి. పది నిమిషాలు చాలు. పిల్లల విశ్వాసం బలపడుతుంది."

"నేను మెషీన్ గదిలో ఉన్నాను. నాకేం ప్రమాదం రాలేదు."

"అదే కదన్నా అద్భుతం. ఆ రోజు మీ వంతంట కదా."

కొలబద్ద "సరే" అన్నాడు. ఆ రోజుల్లో అతను దేనికైనా సరే అనేవాడు.

ప్రెసిడెంటు వెళ్లాక భార్య వంటగదిలోంచి వచ్చింది. "వద్దని చెప్పొచ్చుగా?"

"ఏమని చెప్పను?"

"వద్దనే."

"ఊఁ" అన్నాడు గానీ ఫోను తీయలేదు.

కూడిక రోజు పొద్దున్నే హాలుకెళ్లాడు. దారం ఇంట్లోనే మరిచిపోయాడు. నూట నలభై కుర్చీలు ఒక్కడే వేశాడు. నాలుగో వరస వంకర పోయింది. చూశాడు గానీ సరిచేయలేదు. మైకు తీగ ఒక చోట తెగి ఉంటే అతికి, టేపు చుట్టాడు. అమ్మాయిలు గుమ్మం దగ్గర బల్ల వేసుకుని వచ్చినవాళ్లకి పేరు రాసిన బిళ్లలు తగిలిస్తున్నారు. అతనికీ ఒకటి తగిలించారు. వేదిక వెనక గుడ్డ మీద ఆ ఏటి అంశం పెద్దక్షరాల్లో రాసుంది: విడుదల.

పాటల మధ్యలో గంట భార్య వచ్చింది. స్కూలు యూనిఫాంలు కుట్టే కార్ఖానాలో ఆమె కాలర్లు కుడుతుంది. నాలుగేళ్ల కూతుర్ని ఎత్తుకుని మూడో వరస చివర కూర్చుంది. అటూ ఇటూ ఉన్నవాళ్లు చేయి నొక్కి, జాలిగా నవ్వి, మళ్లీ పాటలోకి వెళ్లిపోయారు. ఆమె పాడలేదు. పాప మాత్రం చప్పట్లు కొట్టింది.

పదకొండుంబావుకి ప్రెసిడెంటు మైకు దగ్గరికెళ్లి, దేవుడు మరణపు నోట్లోంచి లాగి బయటపడేసిన సహోదరుణ్ని పిలుస్తున్నానన్నాడు. హాలంతా చప్పట్లు. కొలబద్ద వేదికెక్కాడు. సాక్ష్యం చెప్పేటప్పుడు వెనక మెల్లగా వాయించడం అలవాటు కాబట్టి కీబోర్డు అబ్బాయి మొదలెట్టాడు.

"అందరికీ వందనాలు" అన్నాడు కొలబద్ద. రాసుకొచ్చిన కాగితం జేబులో ఉంది, తీయలేదు. మూడో వరస చివర గంట భార్య అతనికి కనబడుతోంది.

"దేవుడు నన్నెలా కాపాడాడో చెప్పమన్నారు. జరిగింది చెప్తాను. ఆ రోజు కప్పెక్కాల్సింది నేనే. నా మోకాలు వాచిందని బావ ఎక్కాడు. కప్పు మీద ఎర్ర బటన్ సరిగా పనిచేయట్లేదని అంతకు ముందు నెల మేమిద్దరం పుస్తకంలో రాసిచ్చాం. మార్చేశామని ఆఫీసువాళ్లు దాని పక్కనే టిక్కు పెట్టారు. మేం నమ్మాం. మార్చలేదు. బావ బటన్ నొక్కాడు. నొక్కానని కేకేశాడు. అప్పుడు పైన మెయిన్ స్విచ్ వేసింది నేనే."

కీబోర్డు ఆగిపోయింది.

"ఇది నేనింతవరకు ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. స్విచ్ వేశాను, లిఫ్టు కదిలింది. మళ్లీ తీసేసరికి అయిపోయింది. నన్ను దేవుడు కాపాడాడని అంటున్నారు. అంటే బావని కాపాడలేదని అనాలి కదా. ఆ మాట నేను ఆవిడ ముందు అనలేను. నాకు అప్పట్నుంచి దుఃఖం రావట్లేదు, సంతోషం రావట్లేదు. ప్రార్థన చేస్తున్నాను, ఏమీ తెలియట్లేదు. సాక్ష్యమంటే ఇలా ఉండదని నాకు తెలుసు. నా దగ్గరున్నది ఇంతే."

ఎవరో అలవాటుగా స్తోత్రం అనబోయి సగంలో ఆపేశారు. కొలబద్ద మైకుని దాని కర్రకి తగిలించి దిగిపోయాడు. ముందు వరసలో కూర్చున్న పాస్టరుగారు లేచారు. పెద్దాయన, మాట్లాడితే అరగంటకి తక్కువ కాదని పేరు. ఆ రోజు మాత్రం, "భోజనాల ముందు ఓ అయిదు నిమిషాలు ఊరికే కూర్చుందాం" అని తనూ కూర్చున్నారు. నూట నలభై మంది అయిదు నిమిషాలు ఊరికే కూర్చున్నారు. పాప ఒక్కతే నీళ్లడిగింది.

బయట ప్రెసిడెంటు అతన్ని పట్టుకున్నాడు. మొహం ఎర్రబడి ఉంది. "అన్నా, పిల్లలుంటారని చెప్పాను కదా. అది సాక్ష్యం కాదన్నా."

"మరేంటది?"

ప్రెసిడెంటు అన్నం గిన్నెలు చూడాలని వెళ్లిపోయాడు.

చేతులు కడుక్కునే కుళాయిల దగ్గరికి గంట భార్య వచ్చింది. పాపని ఎవరికో అప్పగించినట్టుంది. తనని తిడుతుందనుకున్నాడు. అలా అనుకున్నా అతనికి భయం వేయలేదు. అది కూడా గమనించాడు.

"అన్నయ్యా, ఆయన చివరి మాట ఏంటి?" అందామె.

"నొక్కాను అన్నాడు."

"అంతేనా? పూర్తిగా చెప్పండి. ఒక్క ముక్క వదలొద్దు."

"నొక్కాను బావా, వెయ్యి. తొందరగా కానీ, కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి, అన్నాడు."

ఆమె కుళాయి కట్టేసింది. మొహం వణికింది. ఏడుస్తుందనుకున్నాడు గానీ అది నవ్వు.

"ప్రభువు నామం స్మరిస్తూ పోయాడని సమాధి దగ్గర చెప్పారు. నేను నమ్మలేదు. ఏ టైములో అయినా ఆయనకి ముందు గుర్తొచ్చేది తిండే. అయిదు నెలల నుంచి ఎవర్నడిగినా, ఆయన మంచి చోట ఉన్నాడమ్మా అంటారు. ఎక్కడున్నాడని నేనడిగానా?" చెంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇంకోటి అడగాలి. కోపం తెచ్చుకోకండి."

"అడుగు చెల్లెమ్మా."

"బటన్ పాడైందని మీరిద్దరూ ముందే రాసిచ్చామన్నారు. కంపెనీ కాగితంలో మాత్రం ఆయన బటన్ నొక్కడం మరిచిపోయాడని, ఆయన అజాగ్రత్తే కారణమని ఉంది. కింద మీ సంతకం ఉందన్నయ్యా."

అట్టకి బిగించిన కాగితం, సూపర్‌వైజరు వేలు, "ఇక్కడ" అన్న మాట కొలబద్దకి గుర్తొచ్చాయి. కాగితం మీద ఏం రాసుందో గుర్తు రాలేదు.

"నేను చదవలేదు" అన్నాడు.

"మీరా?"

"అవును. చదవకుండా పెట్టాను."

ఆమె అతన్ని పరకాయించి చూసింది. "సరే" అని మాత్రం అని పాప కోసం వెళ్లిపోయింది.

అతను భోజనానికి ఉండలేదు. ఇంటికెళ్లి భార్యకి చెప్పాడు. ఆమె బల్ల మీద తెల్లకాగితాలు పెట్టి, పెన్ను గీసి చూసి ఇచ్చింది. నాలుగు పేజీలు రాశాడు. ఏ తేదీన ఫిర్యాదు రాశారో, టిక్కు ఏ రంగు సిరాతో పెట్టారో, స్విచ్ ఎవరు వేశారో అన్నీ రాశాడు. సోమవారం సూపర్‌వైజరు ముందు పెట్టాడు.

"ఒకసారి సంతకం పెట్టావు కదయ్యా."

"అది తప్పు. ఇది ఒప్పు."

"స్విచ్ నువ్వే వేశానని నీ చేత్తో నువ్వే రాసుకున్నావు. నీ మెడకే చుట్టుకుంటుంది, తెలుసా?"

"తెలుసు. వేసింది నేనే కదా."

సూపర్‌వైజరు కాగితాలు సొరుగులో పడేశాడు. పడేస్తాడని భార్య ముందే చెప్పింది కాబట్టి ఇంకో ప్రతి ప్రభుత్వ తనిఖీ ఆఫీసులో ఇచ్చి, ముట్టినట్టు ముద్ర వేయించుకున్నాడు. ఆ తర్వాత నెలల తరబడి నడిచింది. రెండుసార్లు పిలిచి, అడిగిందే అడిగారు. కంపెనీలో అతనితో జంటగా పనికెళ్లడానికి ఎవరూ ముందుకు రాలేదు. తిట్టినవాళ్లు లేరు, పలకరించినవాళ్లూ లేరు. నాలుగో నెలలో మానేసి ఒక ఆసుపత్రిలో లిఫ్టులు చూసుకునే పనిలో చేరాడు.

ఈ నెలల్లో ఆదివారం ప్రార్థన అయ్యాక గంట భార్య గుడి మెట్ల మీద ఆగేది. పనిలో ఆయనెలా ఉండేవాడో చెప్పమనేది. ఎవరితో గొడవపడ్డాడు, ఏ భవనంలో వాచ్‌మన్‌ని ఏడిపించాడు, ఇంట్లో చెప్పకుండా ఎక్కడెక్కడ తిన్నాడు. అతను కలపకుండా, తీయకుండా చెప్పేవాడు. ఆమెకి కోపం వచ్చినవి కూడా చెప్పాడు. కోపంగానే వెళ్లిపోయి, తర్వాతి వారం మళ్లీ ఆగేది. ప్రెసిడెంటు మొదట్లో దూరం దూరంగా తిరిగాడు. ఒక ఆదివారం తనే దగ్గరికొచ్చి, "సమాధి దగ్గర నేనలా అనకుండా ఉండాల్సిందమ్మా" అని ఆమెతో అన్నాడు.

ఏడో నెలలో ఉత్తరం వచ్చింది. బటన్ మార్చకుండానే మార్చినట్టు రాశారని, మరణించిన ఉద్యోగి తప్పేమీ లేదని అందులో ఉంది. స్విచ్ వేసిన ఉద్యోగి పద్ధతి ప్రకారమే వేశాడని ఇంకో వాక్యం. కొలబద్ద దాన్ని తీసుకుని మధ్యాహ్నం కార్ఖానా గేటు దగ్గరికి వెళ్లాడు. ఆమె మెడలో కొలత టేపుతోనే బయటికొచ్చింది. నిలబడి చదివింది. తప్పేమీ లేదన్న చోట మళ్లీ చదివింది.

"ఇది నా దగ్గరుంచుకోనా?"

"నీకే తెచ్చాను."

"లోపల రెండొందల కాలర్లున్నాయి, వెళ్లాలి. వదినని అడిగానని చెప్పండి" అని ఉత్తరం జాకెట్టులో దోపుకుని లోపలికెళ్లింది.

అతను బస్సెక్కాడు. ఆసుపత్రిలో రెండో లిఫ్టు తలుపు సరిగా మూసుకోవడం లేదని ఫోను వచ్చింది. కిటికీ పక్క సీటు దొరికింది. రెండు స్టాపులు దాటాక ఏడుపొచ్చింది. చిన్నగా కాదు, పక్కనున్నావిడ సంచీ సర్దుకుని జరిగి కూర్చునేంత గట్టిగా. ఆపుకోవాలని చూశాడు, ఆగలేదు. ఆసుపత్రి స్టాపు వచ్చింది. ఏడుస్తూనే దిగాడు.