అత్తయ్యను ఏడిపించిన రౌడీ సినిమా

మా చిన్నప్పుడు ఒక వేసవిలో, మా మేనత్త ఎప్పుడు ఏడుస్తుందా అని ఇల్లంతా ఎదురుచూసింది...

రేపల్లెలో మావయ్య హఠాత్తుగా పోయాక, నాన్న ఆవిడను నందివెలుగులోని మా ఇంటికి తీసుకొచ్చారు. కంట చుక్క లేదు, నోట మాట లేదు. పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు.

"ఏడవ్వే తల్లీ, గుండె బరువెక్కిపోద్ది" అనేది నానమ్మ.

తెనాలిలో దేవుడి సినిమా ఆడుతోందని విని, నానమ్మ అత్తయ్యనూ నన్నూ వెంటబెట్టుకుని బస్సెక్కింది. ఏడాది తిరగకుండా సినిమా ఏంటని నలుగురూ అంటారని, ఊళ్ళో ఆసుపత్రికని చెప్పింది. మంచి రోజని శుక్రవారం ఎంచుకుంది... అదే పొరపాటు. హాల్లో సినిమా మారేది శుక్రవారమే కదా! దేవుడు గురువారమే వెళ్ళిపోయాడు.

ఆడవాళ్ళ బెంచీల్లో కూర్చుని చూస్తే అన్నీ కత్తులే, అంతా నెత్తురే. నానమ్మ కళ్ళు మూసుకుని రామనామం మొదలుపెట్టింది. అత్తయ్య కదల్లేదు.

అందులో ఒక రౌడీ... మనుషుల్ని నరికి వచ్చి, పంపు దగ్గర చేతులు రుద్ది రుద్ది కడుక్కునేవాడు. తర్వాత, తను పెంచుతున్న అనాథ పిల్లకు జడ వేసేవాడు, నొప్పిగా ఉందా అని అడుగుతూ...

పక్కన అత్తయ్య భుజాలు అదిరాయి. పైట నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

ముందు బెంచీలో ఆవిడ వెనక్కి తిరిగి, "ఊరుకో అక్కా, సినిమాయేగా" అంది.

"ఏడవనీ అమ్మా, నీకు దణ్ణం పెడతా" అంది నానమ్మ. తర్వాత మెల్లగా, "పోదామా తల్లీ?"

"ఉండమ్మా... వాడేమవుతాడో చూడాలి."

మర్నాటి నుంచి అత్తయ్య మినుములు చెరుగుతూ వచ్చినవాళ్ళకల్లా అదే కథ చెప్పేది. కత్తి తిప్పడం చేటతో చేసి చూపించేది. ఆసుపత్రి సంగతి అలా బయటపడింది.

"అంతమందిని చంపినోడు మంచోడేంటే?" అంది నానమ్మ.

"చేతులు కడుక్కున్నాకే ముట్టుకున్నాడమ్మా ఆ పిల్లని!"

పై శనివారం గుళ్ళో నానమ్మ ఆ రౌడీ పేరున అర్చన చేయించింది. గోత్రం అడిగితే, "సినిమాలో చెప్పలేదండి" అంది. పంతులుగారు నవ్వి, మా గోత్రమే చెప్పి కానిచ్చారు.

ఇప్పుడు మావారు పోయి ఏడాది దాటింది. బాపట్లలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. పొద్దున్నే దీపం, పారాయణ... ఒక్క అక్షరం తప్పదు. అంతే.

మొన్న అమ్మాయి ఫోనులో అలాంటి సినిమాయే పెట్టిచ్చి, "బాగా ఏడిపిస్తుందమ్మా, చూడు" అని ఆఫీసుకు వెళ్ళిపోయింది. చివరిదాకా చూశాను. మంచి సినిమా. ఆ సంగతి తెలుస్తూనే ఉంది... కంట చుక్క మాత్రం రాలేదు. ఫోను పక్కన పెట్టి బియ్యం కడిగాను.

అప్పట్లో హాల్లో ఒకరు ఏడిస్తే వరుసంతా ముక్కులు చీదేది. ఇప్పుడు ఎవరి తెర వాళ్ళది...

మీ ఇంట్లో ఎవరినైనా అలా ఏడిపించిన సినిమా ఉంటే కింద రాయండి. కత్తులున్నా ఫరవాలేదండి... చూస్తాను.