సొట్ట చెంబు రెండోవైపు

నా చిన్నప్పుడు అంటే మరీ పలక పట్టిన వయసు కాదు. ఇంటర్ అయిపోయి, తమ్ముళ్ల మీద పెత్తనం చేస్తున్న వయసు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. మాది గద్వాలలో చీరలు నేసే ఇల్లు. మా తాతయ్య మగ్గం మీద కూర్చునేవాడు. అంచుల్లోకి పూలు, హంసలు గడుల కాగితం మీద గీసిచ్చే పని నాది. నేర్పింది కూడా తాతయ్యే. పువ్వు సగమే గీస్తే చాలు, రెండో సగాన్ని మగ్గమే తిప్పి నేసుకుంటుంది. పదేళ్ల వయసు నుంచి నేను సగం పూలు గీస్తూ పెరిగాను.

హైదరాబాదులో యూనివర్సిటీకి పోయి బొమ్మలు నేర్చుకోవాలని నాకు పిచ్చి. మా నాన్న ఒకటే మాట అన్నాడు. ముందు వనపర్తి కాలేజీలో ఏడాది డ్రాయింగ్ కోర్సు చదవాలి. తర్వాత ప్రవేశ పరీక్ష ఒక్కసారే రాయాలి. సీటొస్తే పోవచ్చు, రాకపోతే మళ్లీ ఆ గడుల కాగితమే. అలా రోజూ పొద్దున్నే బస్సెక్కి, కృష్ణ దాటి వనపర్తికి పోయేదాన్ని. క్లాసులో నా బొమ్మలే అందరికంటే శుభ్రంగా ఉండేవి. ఆ సంగతి నాకు కొంచెం ఎక్కువే తెలుసు.

మా డ్రాయింగ్ మేడం మాత్రం నా బొమ్మ చూసి "ఊఁ" అని ఊరుకునేది. పరీక్ష ఇంకో నెల ఉందనగా ఒకరోజు బల్ల మీద ఇత్తడి చెంబు పెట్టి గీయమంది. అందరికంటే ముందు నేనే ముగించాను. మేడం నా కాగితాన్ని తీసుకెళ్లి చెంబు పక్కన నిలబెట్టింది.

"ఏందమ్మా, గీ పక్క ఎవరు చూస్తరు?"

చూస్తే చెంబుకు కుడివైపున అరచేయంత సొట్ట. కప్పలేదు, దాచలేదు, గంటసేపు నా కళ్లముందే ఉంది. నేను ఎడమ సగం చూసి గీసి, అలవాటుకొద్దీ దాన్నే కుడివైపుకు తిప్పేశాను. ఆ చెంబును మేడం నా కోసమే ఇల్లంతా వెతికి తెచ్చిందని తర్వాత తెలిసింది. పిల్లలంతా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఏడాదిగా గీసిన కుండలూ, మొహాలూ, ఆఖరికి చెట్లూ అన్నీ సగం చూసి గీసినవే. సీటు పోయినట్టే అనుకున్నాను.

మేడం తిట్టలేదు. ఇలా గీయడం ఎవరు నేర్పారని అడిగింది. మా తాతయ్య అన్నాను.

"అయితే ఆయన్నే గీసుకొని రా. జర రెండు దిక్కులు చూడు" అంది.

ఆ ఆదివారం తాతయ్య మగ్గానికి ఎదురుగా కూర్చున్నాను. ఒక భుజం గీశాక, రెండోదాన్ని తిప్పేయకుండా మళ్లీ తలెత్తి చూశాను. ఆయన కుడిభుజం ఎడమదానికంటే రెండు వేళ్లు కిందికి ఉంది. ఏళ్ల తరబడి మగ్గం తాడు లాగి లాగి అలా జారిపోయింది. పుట్టినప్పటి నుంచి ఆ భుజాల మీదెక్కి ఊరంతా తిరిగినదాన్ని, ఒక్కనాడూ చూడలేదు. కళ్లు తడిశాయి. గీశానే గానీ చూపించాలంటే భయం. అంచులో ఒక హంస మెడ రెండోదానికంటే వంగితే ఆ చీరను పక్కన పడేసే ఇల్లు మాది. నేను ఏకంగా మనిషినే వంకరగా గీశానాయె.

తాతయ్య కాగితం అందుకుని చాలాసేపు చూశాడు. ఎడమచేత్తో కుడిభుజం తడుముకున్నాడు.

"గిది నేనే బిడ్డా. గీ భుజం గుంజుతదని మీ అవ్వకు కూడ చెప్పలే. నీకెట్ల తెల్సింది?"

చూశాను తాతా, అన్నాను.

ప్రవేశ పరీక్షలో మా ముందు పెట్టిన కూజాకు ఏ సొట్టా లేదు. అయినా రెండువైపులా విడివిడిగా చూసే గీశాను. సీటొచ్చింది. తాతయ్య ఆ కాగితాన్ని మగ్గం పక్క గోడకు తనే అంటించుకుని, వచ్చినవాళ్లందరికీ భుజం చూపించి మరీ మురిసిపోయేవాడు.

ఇప్పుడు నేనే పిల్లలకు బొమ్మలు నేర్పుతున్నాను, జుట్టూ నెరుస్తోంది. బొమ్మల్లో ఆ అలవాటు పోయింది గానీ, మనుషుల్ని సగం చూసి మిగతా సగం నేనే పూర్తిచేసుకునే బుద్ధి పూర్తిగా పోలేదు. ఫలానా మనిషి ఇంతేలే అనుకోబోతుంటే, భుజం తడుముకున్న తాతయ్య చేయి గుర్తొస్తుంది. అప్పుడు కాసేపు ఆగి, రెండోవైపు కూడా చూస్తాను.