దర్జీ బరువు

వీధిలో అందరూ అతన్ని స్ప్రింగుల మేస్త్రి అంటారు. కారుకు పెద్ద చక్రాలు బిగించడం, పొట్టి స్ప్రింగులు వేసి బండిని నేలకు దించడం అతని పని. ఊరంతా అతన్ని నమ్మింది, ఒక్క అక్క మొగుడు తప్ప. తొమ్మిదేళ్లుగా ఆ పెద్దమనిషి బావమరిది షెడ్డు ముందునుంచే తన కారు వేసుకుని కంపెనీ సర్వీసుకు పోతున్నాడు. పోయేవాడు ఊరికే పోతాడా, హారన్ కొట్టి మరీ పోతాడు. మేస్త్రికి ఒళ్లు మండిపోయేది.

కిందటి నెల మేనకోడలు తను కొత్తగా కొనుక్కున్న పాత కారు తెచ్చి షెడ్డులో పెట్టింది.

"మామయ్యా, చక్రాలు ఒక సైజు పెద్దవి, బండి రెండు వేళ్లు కిందికి. నాన్న ఒప్పుకున్నారు."

"మీ నాన్నే?"

"ఒప్పుకున్నారంటే... టైరు ఎక్కడైనా తగిలిందా, మళ్లీ ఈ షెడ్డు మొహం చూడనన్నారు."

ఆ రెండు రోజులూ మేస్త్రి అన్నం కూడా నిలబడే తిన్నాడు. పాత స్ప్రింగులు విప్పి పొట్టివి కూర్చోబెట్టాడు. చక్రాలు బిగించి స్టీరింగు ఆ చివరినుంచి ఈ చివరిదాకా తిప్పి చూశాడు. ఇక మిగిలింది బరువు పరీక్ష. ఇది అతను సొంతంగా పెట్టుకున్న పద్ధతి. బండి దించిన ప్రతిసారీ చుట్టుపక్కల దుకాణాలవాళ్లను పిలిచి ఎక్కిస్తాడు. వెనకసీటులో ఎడమవైపు చోటు పక్క కొట్టు దర్జీది. ఆయన నూరు కిలోల మనిషి. ఆయన కూర్చున్నా టైరు తగల్లేదంటే ఇక ఎవరెక్కినా తగలదని మేస్త్రి లెక్క.

దర్జీ వచ్చి కూర్చున్నాడు. వీధి చివర స్పీడ్‌బ్రేకర్ మీద బండి ఎగిరి దిగింది. టైరు ఎక్కడా తగల్లేదు.

ఆదివారం బావ సకుటుంబంగా వచ్చాడు. మేనకోడలు నడుపుతుంటే మేస్త్రి పక్కన కూర్చున్నాడు. వెనక కుడివైపు అక్క, మధ్యలో ఆమె అత్తగారు, ఎడమవైపు సీటు నిండా బావ. అదే స్పీడ్‌బ్రేకర్. బర్రుమని వెనక టైరు చక్రం పైన రేకును గీరింది. అక్క కిటికీలోంచి బయటికి చూడసాగింది. బావ వాచీ చూసుకున్నాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

షెడ్డుకు రాగానే మేస్త్రి నేరుగా దర్జీ దగ్గరికి పోయాడు.

"ఒకసారి లేచి నిలబడు."

దర్జీ లేచాడు. చొక్కా చిలక్కొయ్యకు తగిలించినట్టు వేలాడుతోంది.

"డాక్టరు తగ్గమన్నాడయ్యా. మూడు నెలల్లో పద్దెనిమిది కిలోలు తగ్గాను."

"మరి చెప్పవేం?"

"చూస్తే తెలియదా?"

ఎలా తెలుస్తుంది? ఆ పాత చొక్కాల లోపల మనిషి ఎంత తగ్గాడో కూర్చుంటే కనబడదు. ఊళ్లోవాళ్ల బట్టలన్నీ బిగించే మనిషికి తన చొక్కాలు బిగించుకునే తీరిక లేకపోయింది మరి.

వెనకే వచ్చిన బావ ఇదంతా విన్నాడు. తప్పు దర్జీ మీదికి నెట్టేయడం చాలా తేలిక. మేస్త్రికి మనసొప్పలేదు.

"తప్పు నాదే బావా. చూసుకోవాల్సింది నేను. ఒక గంట ఆగండి."

"ఇప్పుడు పరీక్షకు ఎవరిని కూర్చోబెడతావు?"

మేస్త్రి ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి మొహమాటంగా తల దించుకున్నాడు.

"అర్థమైందిలే," అంటూ బావ వెళ్లి ఎక్కి కూర్చున్నాడు.

మేస్త్రి రేకు లోపలి అంచును వేడిచేసి, రోలరు పెట్టి మెల్లగా మడిచాడు. బావ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఇంకాస్త, ఇంకాస్త" అంటూనే ఉన్నాడు. స్పీడ్‌బ్రేకర్ మీద రెండుసార్లు టైరు తగిలింది. మూడోసారి తగల్లేదు. అయినా బావ నాలుగోసారి కూడా పోనిమ్మన్నాడు.

సోమవారం పొద్దున బావ సొంత కారు షెడ్డు ముందు ఆగింది.

"స్టీరింగు ఒక పక్కకు లాగుతున్నట్టుందయ్యా. కాస్త చూడు."

మేస్త్రి వీధి చుట్టూ రెండుసార్లు తిప్పి వచ్చాడు. బండి ఎటూ లాగడం లేదు. కాసేపు బానెట్ తుడుస్తూ నిలబడి, తాళాలు జేబులో వేసుకున్నాడు.

"లాగుతోంది బావా. రెండు రోజులు ఉంచి వెళ్లండి."