ధూళిమిట్ట సంఘానికి నేను రాసిన పత్రిక

తపాలా సమ్మె మొదలయ్యే నాటికి మా ఆవిడ అలిగి ధూళిమిట్టలోని పుట్టింటికి వెళ్లి పది రోజులైంది. తొంభైల మొదట్లో సంగతి. తప్పు నాదే. సిద్దిపేటలో మా చర్చి సంఘం ప్రేమవిందు నాడు, అందరూ వరసగా కూర్చుని బగారన్నం తింటుంటే, "మా ఆమె పాట ఎత్తుకున్నదంటే రాగం గోడ దుంకి పారిపోతది" అన్నాను. పంక్తి పంక్తంతా నవ్వింది. ఆమె లేచి చేయి కడుక్కుని, పాటల పుస్తకం చంకన పెట్టుకుని, బస్సెక్కింది.

ఆమె గొంతు పెద్దది. రాగం విషయంలో మాత్రం దేవుడు ఆమెకు పూర్తి స్వేచ్ఛ ఇచ్చాడు. నేనేమో సండే స్కూలు పంతులును. పిల్లలకు క్షమాపణ గురించి ఎన్ని పాఠాలు చెప్పానో లెక్కలేదు. చిన్ననాటి నుంచి బైబిలు వాక్యం నాకు నోటికి వచ్చు. వచ్చినదంతా ముందు నా పక్షానికే వాడుకున్నాను. భార్య భర్తకు ఎందుకు లోబడాలో ఇన్‌లాండు లెటరు నిండా రాసి, చోటు చాలక అంచుల మీద కూడా రాసి, ఎర్ర డబ్బాలో వేశాను. మర్నాడే సమ్మె. ఇక ఆ డబ్బా తాళం తీసేవాడు లేడు.

ఆ వారమే విత్తనాల కోసం సిద్దిపేట వచ్చిన మా మామ నా వంట తిన్నాడు. మధ్యలో నీళ్లు తాగాడు. మళ్లీ నీళ్లు తాగాడు.

"ఆమె పట్టు ఇడుస్తలేదు అల్లుడా. పదిమందిల అన్న మాట పదిమందిలనే వాపస్ తీస్కోవాలెనంట. లేకుంటే ఆడనే ఉంటదట."

"పదిమందిలనా? గది నాతోని గాదు మామా."

"మరి ఇదే తిను," అని ఆయన పళ్లెం పక్కకు జరిపాడు.

ఇంకో నాలుగు రోజులు అదే తిన్నాను. గర్వం కడుపు నింపదని తెలిసింది. ఆమెకొక్కదానికే చెప్పుకునే క్షమాపణ అయినా రాద్దామని కాగితం ముందేసుకున్నాను. చిన్ననాటి నుంచి నేను చదివిన ఉత్తరాలన్నీ బైబిల్లో పత్రికలని పిలిచే అపొస్తలుల ఉత్తరాలే కనుక, కలం దానంతటదే ఆ దారిన పోయింది.

"సిద్దిపేటలో ఒంటరిగా వండుకొనుచున్న నేను, ధూళిమిట్టలో తన తండ్రి యింట నున్న ప్రియురాలికి శుభమని చెప్పి వ్రాయునది. నీకు సమాధానము కలుగును గాక. నీవు వెళ్లిన దినము మొదలుకొని అన్నము అడుగంటుచున్నది. నీ పాటను గూర్చి నేను పలికిన మాట తప్పిదమని యొప్పుకొనుచున్నాను. బీరువా తాళపుచెవి యెక్కడ నున్నదో తెలియజేయుము. నీ తల్లికిని, నీ తండ్రికిని, దొడ్డిలోని బర్రెకును నా వందనములు."

రాశాను కానీ పంపేదెట్లా? మా పాస్టరు అయ్యగారు ఆదివారం పొద్దున సిద్దిపేటలో ఆరాధన ముగించుకుని, స్కూటరు మీద ధూళిమిట్ట పోయి మధ్యాహ్నం అక్కడ ఆరాధన నడిపేవారు. సమ్మె వచ్చాక జనం ఆయననే పోస్టుమాన్ చేసుకున్నారు. ఆయన బైబిలు ఉత్తరాలతో ఉబ్బి, తాడు కట్టనిదే మూతపడేది కాదు.

నేను నసుగుతూ నా కాగితం మడతపెట్టి ఇస్తే నవ్వారు. "సిగ్గెందుకు బ్రదర్? అపొస్తలుడు రాసిన పత్రికలు ఏ డబ్బల ఏసిండు? మనుషుల చేతికే ఇచ్చి పంపిండు. తే, నేను కొంటవోత."

తర్వాత జరిగింది అయ్యగారు చెప్పగా కొంత, మా ఆవిడ అభినయించి చూపగా కొంత తెలిసింది.

మా ఆరాధనలో పత్రిక పాఠమని ఒకటుంది. అపొస్తలుల పత్రికల్లోంచి ఒక భాగం ఎవరైనా పెద్ద లేచి చదవాలి. ధూళిమిట్టలో ఆ పెద్ద మా మామే. అయ్యగారు ఆ వేళ చదవాల్సిన చోట గుర్తుగా, చేతికి అందిన ఏదో కాగితం పెట్టారు. అది నాదే. బైబిలు మామ చేతికిచ్చి, "పెద్దాయనా, కాయిదం పెట్టిన. చదువున్రి" అన్నారు.

మా దిక్కు కాయిదమంటే కాగితమూ అవుతుంది, ఉత్తరమూ అవుతుంది. పైగా మామ కళ్లద్దాలు ఒక పక్క పగిలి ఉన్నాయి. కాయిదం చదవమన్నారు కదా అని ఆయన కాయిదమే విప్పాడు. అక్షరాలు వెతుక్కునే ధ్యాసలో ఊళ్ల పేర్లు ఆయన తలకెక్కలేదు. శుభం ఉంది, సమాధానం ఉంది. అనుమానమెందుకు వస్తుంది? ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, గంభీరంగా చదువుకుంటూ పోయాడు. అన్నం అడుగంటిన చోట ఒకసారి దగ్గాడట. తాళపుచెవి దగ్గర సంగతి అర్థమైందట. కానీ మొదలుపెట్టిన పత్రిక నడుమ ఆపడం ఆయన ఎరగడు. బర్రెకు వందనాలు చెప్పి, "ఇంతటితో పత్రిక పాఠం ముగిసినది" అన్నాడు.

సంఘమంతా అలవాటు కొద్దీ, "ఆమేన్" అంది. అందరికంటే గట్టిగా అన్నది మా ఆవిడేనట.

ఆ తర్వాతి ఆదివారం అయ్యగారు ప్రకటనల వేళ జేబులోంచి ఒక చీటీ తీశారు. "ధూళిమిట్ట నుంచి మనకో జవాబు వచ్చింది. సంఘంల చదవాల్నని షరతు," అని చదివేశారు.

"నీ కాయిదం నాయిన సదివిండు. సంఘం ఆమేన్ అన్నది. తాళంచెవి పప్పు డబ్బల ఉన్నది. ఇది సదివినంక వచ్చే ఆయితారం వస్త. ముందట నిలబడి పాడుత. నువ్వు గూడ నాతోటి పాడాలె. ఉత్తగ నోరు ఆడిచ్చుడు గాదు."

"సంఘం ఏమంటది?" అన్నారు అయ్యగారు.

"ఆమేన్!" పైకప్పు రేకులు అదిరాయి.

ఆమె వచ్చింది. షరతు ప్రకారం ఇద్దరం ముందు నిలబడి పాడాం. ఆ సాయంత్రం మనసు ఊరుకోక నిజం చెప్పేశాను. "నేను సంఘంల చదువుమనలేదే. అది పొరపాటుల అయింది."

"నాకు ఎర్కనే. బర్రెకు వందనాలు సంఘంల ఎవ్వడన్న చెప్తడా?"

"మరెందుకొచ్చినవు?"

"ఎట్లయితేంది? పదిమంది విన్నరు."

సమ్మె ముగిసింది. సమ్మె చేసినవాళ్ల కోసం, వాళ్ల ఇళ్ల కోసం నేను ప్రార్థన చేశాను. ఎర్ర డబ్బాలో ఏముందో మాత్రం పూర్తిగా మరిచిపోయాను. ఒక మధ్యాహ్నం మామ వంకాయలు తీసుకుని వచ్చాడు. వంకాయల కింద నీలి ఇన్‌లాండు లెటరు ఉంది. ఇంకా విప్పలేదు.

"అల్లుడా, నీది ఇంకో పత్రిక అందింది. నా అద్దాలు గూడ బాగైనయి. చదవాల్నా?"

"ఎవరి పేరు మీదొచ్చింది నాయినా?" అంటూ మా ఆవిడ పొయ్యి దగ్గరి నుంచి లేచి వచ్చి చేయి చాపింది.

అంచుల మీద రాసినవి కూడా నాకు గుర్తొచ్చాయి. ఇంకేం తోచక, కళ్లు మూసుకుని, ఆమెకు బాగా ఇష్టమైన కీర్తన గట్టిగా ఎత్తుకున్నాను. పాట వినబడితే ఆమె ఆగలేదు. చాపిన చేయి తాళానికి తిరిగింది. రెండో చరణానికి రాగం గోడ దూకింది. నేనూ దాని వెనకే దూకాను.

కళ్లు తెరిచేసరికి మామ పొయ్యి ముందు కూర్చుని ఉన్నాడు. నీలి కాగితం మూల ఒకటి మంటలో నల్లబడుతోంది. దాన్ని పుల్లతో లోపలికి తోసి, ఆయన మెల్లగా, "ఆమేన్" అన్నాడు.